పాత ఇంగ్లిషు పుస్తకాల్లో తెలిసిన మాటలే ఎందుకు తికమక పెడతాయి?

ప్రశ్న: నేను గోదావరి జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో ఇంగ్లిషు బోధిస్తున్నాను. మా తాతగారు దాచుకున్న పుస్తకాలలో 1611 నాటి ఇంగ్లిషు బైబిలు, షేక్‌స్పియర్ నాటకాలు ఉన్నాయి. ఈమధ్య వాటిని చదవడం మొదలుపెట్టాను. తెలియని మాటలకు ఫోనులో నిఘంటువు చూసుకుంటున్నాను కానీ, బాగా తెలిసిన మాటల దగ్గరే అర్థం కుదరడం లేదు. లేవీయకాండంలో ‘మీట్ ఆఫరింగ్’ అని ఉంది, అందులో మాంసమే లేదు. జూలియట్ ‘వేర్‌ఫోర్ ఆర్ట్ దౌ రోమియో’ అన్నప్పుడు రోమియో ఎక్కడున్నావని అడుగుతోందనుకున్నాను, అది కాదని మా సహోపాధ్యాయులొకరు అన్నారు. ‘క్యాష్’ మన ‘కాసు’ నుంచి, ‘వన్’ తమిళంలోని ‘ఒన్ఱు’ నుంచి పుట్టాయని వాట్సాప్‌లో వస్తున్న సందేశాలు నిజమేనా? పాత మాటల అర్థాన్ని, పుట్టుకను తెలుసుకోవడానికి ఏ దారి పట్టాలి? ఓల్డ్ ఇంగ్లిష్ నేర్చుకోవలసి ఉంటుందా?

సమాధానం: అమ్మా, మీకు ఎదురైన ఇబ్బంది పాత పుస్తకాలను శ్రద్ధగా చదివేవారికి మాత్రమే ఎదురయ్యేది. తెలియని మాట కనబడితే ఎవరైనా ఆగి నిఘంటువు తీస్తారు. తెలిసిన మాట దగ్గర ఆగరు. మూడు నాలుగు వందల ఏళ్లలో అక్షరాలు మారకుండా అర్థం మాత్రమే మారిన మాటలు ఇంగ్లిషులో కొల్లలుగా ఉన్నాయి. పాఠకుణ్ణి దారి తప్పించేవి అవే. వాక్యం కుదరడం లేదని మీకు అనుమానం వచ్చింది కనుక సగం పని అయినట్టే. ఆ అనుమానాన్ని ఎలా తీర్చుకోవాలో మీరిచ్చిన ఉదాహరణలతోనే చెబుతాను.

ముందు మీ చివరి ప్రశ్నలోని ఒక మాటను సరిచేయనివ్వండి. మీ దగ్గరున్న పుస్తకాలు ఓల్డ్ ఇంగ్లిష్‌లో లేవు. సుమారు అయిదో శతాబ్దం నుంచి, నార్మన్లు ఇంగ్లండును జయించిన 1066 తరవాత కొన్ని దశాబ్దాల వరకు నడిచిన భాషను ఓల్డ్ ఇంగ్లిష్ అంటారు. తరవాత దాదాపు 1500 వరకు మిడిల్ ఇంగ్లిష్ నడిచింది. షేక్‌స్పియర్, 1611 బైబిలు తొలి ఆధునిక ఇంగ్లిషుకు చెందినవి. వాటిని చదవడానికి కొత్త భాష నేర్చుకోనక్కరలేదు, తెలిసిన భాషకే ఆనాటి అర్థాలు తెలుసుకుంటే చాలు.

‘మీట్’ సంగతి చూద్దాం. లేవీయకాండం రెండో అధ్యాయంలో ఆ అర్పణకు కావలసినవి మెత్తని గోధుమపిండి, నూనె, సాంబ్రాణి. మాంసం ప్రసక్తి లేదు, ఎందుకంటే ఆనాటి ‘మీట్’ అంటే ఆహారం, ఏ ఆహారమైనా సరే. ఓల్డ్ ఇంగ్లిష్‌లో ‘మెటె’ అన్న మాటకు తిండి అనే అర్థం. కాలక్రమాన అది తిండిలో ఒక్క రకానికే పరిమితమైంది. మిఠాయిలకు ఇంగ్లిషులో ఉన్న ‘స్వీట్‌మీట్’ అనే పేరులో పాత అర్థం ఇప్పటికీ నిలిచి ఉంది. మన భాషాశాస్త్ర పాఠాలలో దీన్నే అర్థసంకోచం అంటారు. ఒకప్పుడు ఏ వస్త్రానికైనా చెల్లిన ‘చీర’ ఈనాడు స్త్రీల వస్త్రానికే మిగిలింది కదా, ‘నారచీరలు’ కట్టిన రాముడి కథ చదివేటప్పుడు మనం తడుముకోకుండా పాత అర్థాన్నే తీసుకుంటాం. తెలుగులో అలవాటుగా చేసే ఆ పనిని ఇంగ్లిషులో తెలిసి చేయాలి, అంతే తేడా.

మీకు మరొక సౌకర్యం ఉంది. ఇంట్లో తెలుగు బైబిలు ఉంటే పక్కన పెట్టుకుని చదవండి. ‘మీట్ ఆఫరింగ్’ ఉన్నచోట తెలుగులో ‘నైవేద్యము’ అని చూస్తారు. మార్కు సువార్త పదో అధ్యాయంలో, పిల్లలను నా దగ్గరకు ‘సఫర్’ చేయండి అన్నట్టుండే వాక్యం మిమ్మల్ని కలవరపెట్టి ఉంటుంది. తెలుగులో అక్కడ ‘రానియ్యుడి’ అని ఉంది. ‘సఫర్’ అంటే ఆ కాలంలో బాధపడడంతో పాటు సహించడం, అనుమతించడం కూడా. అలాగే 119వ కీర్తనలో భక్తుడు తెల్లవారడాన్ని ‘ప్రివెంట్’ చేశానంటాడు. సూర్యోదయాన్ని ఆపాడని కాదు, తెల్లవారకముందే లేచి మొరపెట్టుకున్నాడని. లాటిన్‌లో ఆ మాటకు ముందుగా రావడం అని అర్థం. ఒకరికంటే ముందుగా వెళ్లినవాడు వారికి అడ్డుపడగలడు కనుక అడ్డుకోవడం అనే అర్థం మెల్లగా బలపడి, చివరికి అదొక్కటే మిగిలింది.

అయితే అన్ని మాటలదీ ఒకే కథ కాదు. ‘లెట్’ను చూడండి. ఈనాడు దానికి అనుమతించడం అని అర్థం. 1611 బైబిలులో థెస్సలొనీకయులకు రాసిన రెండో పత్రికలోనూ, హామ్లెట్ నోటా అదే మాటకు అడ్డుకోవడం అని అర్థం. తనను ‘లెట్’ చేసేవాణ్ణి దయ్యాన్ని చేస్తానని హామ్లెట్ మిత్రులను బెదిరిస్తాడు, అంటే అడ్డొస్తే చంపుతానని. ఇక్కడ ఒక అర్థం తలకిందులు కాలేదు. ఓల్డ్ ఇంగ్లిష్‌లో ‘లాటన్’, ‘లెట్టన్’ అని రెండు వేరువేరు క్రియలుండేవి, ఒకటి విడిచిపెట్టడం, మరొకటి ఆటంకపరచడం. పలుకుబడి మారి రెండూ ఒకే రూపానికి వచ్చాక, రెండోది వాడుకలో నుంచి దాదాపు తప్పుకుంది. అది ఎక్కడుందో చూడాలంటే మన పాస్‌పోర్టు తెరవండి. దీని హక్కుదారును ‘వితౌట్ లెట్ ఆర్ హిండరెన్స్’ వెళ్లనివ్వవలసిందిగా భారత రాష్ట్రపతి పేరిట అందులో కోరి ఉంటుంది. టెన్నిస్‌లో సర్వీసు బంతి వలకు తగిలి అవతల పడితే వినిపించే ‘లెట్’ కూడా ఈ ఆటంకమేనని చాలామంది పండితులు భావిస్తారు.

జూలియట్ మాట విషయంలో మీ సహోపాధ్యాయులు చెప్పిందే సరి. ‘వేర్‌ఫోర్’ అంటే ఎందుకు. పిల్లలకు చెప్పేటప్పుడు ‘దేర్‌ఫోర్’తో జతచేసి చెప్పండి, అది ‘అందువల్ల’ అయితే ఇది ‘ఎందువల్ల’. రోమియో కింద తోటలో నిలబడి వింటున్న సంగతే ఆమెకు తెలియదు. నీవు రోమియోవు ఎందుకయ్యావు, మా కుటుంబానికి శత్రువులైన ఇంటి పేరు నీకెందుకు వచ్చింది అని ఆమె తనలో తాను వాపోతున్నది. వెంటనే వచ్చే వాక్యంలో నీ తండ్రిని కాదను, నీ పేరు వదులుకో అంటుంది. ‘ఎక్కడ’ అనుకుంటే ఆ రెండో వాక్యానికి పొంతన కుదరదు. పాత మాట అర్థాన్ని పరీక్షించడానికి నిఘంటువు కంటే ముందు ఉన్న సాధనం ఇదే, ముందు వెనక వాక్యాలలో దాన్ని పెట్టి చూడడం.

అదే వాక్యంలోని ‘దౌ’ గురించి మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే తెలుగువారికి ఇది తేలికగా పట్టుబడే విషయం. బైబిలులో దేవుణ్ణి ‘దౌ’ అని పిలుస్తారు కనుక అది గౌరవవాచకమని మన బడుల్లో చాలామంది చెబుతారు. నిజం దానికి విరుద్ధం. మొదట ‘దౌ’ ఏకవచనం, ‘యూ’ బహువచనం. ఫ్రెంచి వాడుక ప్రభావంతో పెద్దవారిని ఒక్కరినైనా ‘యూ’ అనడం మొదలైంది, సరిగ్గా మనం ఒక్కరినే ‘మీరు’ అన్నట్టు. దానితో ‘దౌ’ మన ‘నువ్వు’ అయింది, చనువుకు, ప్రేమకు, అధికారానికి, అవమానానికి కూడా. దేవుణ్ణి మనమూ ‘నీవు’ అనే పిలుస్తాం కదా. 1603లో సర్ వాల్టర్ రాలీ మీద రాజద్రోహ విచారణ జరిగినప్పుడు, రాజు తరఫు న్యాయవాది ఎడ్వర్డ్ కోక్ నిండు సభలో ఆయనను ‘దౌ’ అని సంబోధించి, నిన్ను కావాలనే అలా అంటున్నానని, నువ్వు ద్రోహివని అరిచాడు. ఆ అవమానం ఎంతటిదో ఈనాటి ఇంగ్లిషువారికి వివరించి చెప్పాలి, మనకు అక్కరలేదు. షేక్‌స్పియర్‌లో ఒక పాత్ర మరొకరిని ‘యూ’ అంటూ ఉండి హఠాత్తుగా ‘దౌ’లోకి దిగితే అక్కడ ఆగండి, కోపమో మమకారమో ఏదో ఒకటి మారి ఉంటుంది. ఆ సన్నివేశాన్ని తరగతిలో ‘మీరు’, ‘నువ్వు’లతో తెలుగులోకి మార్చమని పిల్లలను అడగండి, వ్యాఖ్యానం లేకుండానే వారికి తెలుస్తుంది.

ఇక పుట్టుక సంగతి. అర్థం కంటే ఇక్కడ ఎక్కువ జాగ్రత్త కావాలి, ఎందుకంటే రెండు భాషల్లో రెండు మాటలు ఒకేలా వినబడితే మనసు వెంటనే బంధుత్వం కలిపేస్తుంది. మీరు రాసిన ‘క్యాష్’నే తీసుకుందాం. డబ్బు అనే అర్థంలో వాడే ఈ మాట పదహారో శతాబ్దం చివర ఇంగ్లిషులోకి వచ్చింది. పెట్టె అనే అర్థమున్న ఫ్రెంచి ‘కెస్’, ఇటాలియన్ ‘కస్సా’ దాని మూలాలు. తొలినాళ్లలో ఇంగ్లిషులోనూ దానికి డబ్బుపెట్టె అనే అర్థం ఉండేది. పెట్టె పేరు పెట్టెలోని డబ్బుకు వచ్చింది. కాసుతో దీనికి సంబంధం లేదు. కానీ ఇంగ్లిషులో మరొక ‘క్యాష్’ ఉంది. దక్షిణ భారతంలోని చిల్లర నాణేన్ని, తరవాత చైనావారి చిల్లునాణేన్ని ఐరోపా వర్తకులు ఆ పేరుతో పిలిచారు. అది తమిళ ‘కాసు’ నుంచి పోర్చుగీసువారి నోట ‘కైషా’గా మారి ఇంగ్లిషుకు చేరింది. ఈస్టిండియా కంపెనీ మద్రాసు లెక్కల్లో 80 క్యాష్‌లు ఒక పణం, 42 పణాలు ఒక వరహా. 1818లో రూపాయి ప్రమాణంగా స్థిరపడేదాకా ఆ లెక్కే నడిచింది. పెద్ద నిఘంటువులు ఈ రెండింటినీ రెండు విడి పదాలుగా ఇస్తాయి. కనుక కంపెనీ కాలపు ఉత్తరాల్లో వందల ‘క్యాష్’ ఖర్చయిందని చదివితే అది మన కాసే. బ్యాంకులో తీసుకునే ‘క్యాష్’ మాత్రం కాదు. వాట్సాప్ సందేశంలో సగం నిజం ఉన్నందువల్లే దాన్ని తోసిపుచ్చడం కష్టమవుతోంది.

‘వన్’, ‘ఒన్ఱు’ల పోలిక అంతమాత్రం కూడా నిలవదు. ఈ పదం ఓల్డ్ ఇంగ్లిష్‌లో ‘ఆన్’. మొదట్లోని వకారం చాలా ఆలస్యంగా, మిడిల్ ఇంగ్లిష్ చివరి దశలో చేరింది. ‘ఒన్లీ’, ‘అలోన్’ అనే మాటలు ఇదే పదం నుంచి వచ్చినవే, వాటిలో ఈనాటికీ వకారం లేదు. ఈనాటి రెండు రూపాలు దగ్గరగా ఉన్నాయని పోల్చడం కాక, రెండింటి పాత రూపాలకు వెళ్లి పోల్చాలి. వెళ్లేకొద్దీ అవి ఎడమైతే పోలిక యాదృచ్ఛికమే. పైగా ఆ సంఖ్యావాచకాలు వేరువేరు భాషాకుటుంబాలవి. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృత జన్యాలు కావని, తమలో తాము ఒక కుటుంబమని 1816లో మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ నిరూపించింది పదాల పోలికతోనే, అయితే ధాతువులను వరసగా సరిపోల్చి.

నిజమైన బంధుత్వం తరచు చెవికి వినబడదు. 2 తిమోతి నాలుగో అధ్యాయంలో క్రీస్తు ‘క్విక్’కు, మృతులకు తీర్పు తీరుస్తాడని ఉంటుంది. ‘క్విక్’ అంటే అప్పట్లో ప్రాణమున్నవారు. పాదరసాన్ని ‘క్విక్‌సిల్వర్’ అనడంలోనూ ఆ అర్థమే, అది ప్రాణమున్న వెండి. తెలుగు బైబిలులో అక్కడ ‘సజీవులు’ అని ఉంది. ‘క్విక్’లోని మూలం, ‘సజీవులు’లోని ‘జీవ’ ఒకే ధాతువు నుంచి వచ్చినవి, సంస్కృతం, ఇంగ్లిషు రెండూ ఇండో-యూరోపియన్ అనే ఒకే భాషాకుటుంబానివి కనుక. వినడానికి వాటిలో ఒక్క పోలికా లేదు. అయినా పండితులు వాటిని ఎలా కలిపారంటే, ధ్వనుల మార్పు ఒక్క పదంలో కాక వరసగా అనేక పదాలలో ఒకే తీరున జరిగిందని చూపి. సంస్కృతంలో పకారమున్నచోట ఇంగ్లిషులో ఎఫ్ ధ్వని వస్తుంది, పితృ–ఫాదర్, పాద–ఫుట్ అన్నట్టు. దకారమున్నచోట టకారం వస్తుంది, ద్వి–టూ, దశ–టెన్ అన్నట్టు. ఈ మార్పులను 1822లో యాకోబ్ గ్రిమ్ సూత్రబద్ధం చేశాడు. కనుక మీకు ఏ వ్యుత్పత్తి సందేశం వచ్చినా అడగవలసిన ప్రశ్నలు రెండున్నాయి. ఈ మాట ఒక భాష నుంచి మరొకదానికి అరువుగా వెళ్లిందంటే ఏ మనుషుల వెంట, ఏ కాలంలో వెళ్లింది? రెండూ పుట్టుకతో చుట్టాలంటే ఇదే తీరు మార్పు ఇంకే పదాలలో కనబడుతోంది? మన ‘పందికొక్కు’ మొదటి ప్రశ్నకు చక్కగా జవాబిస్తుంది. తెలుగుదేశపు రేవుల్లో మసలిన ఐరోపావారి నోట అది ‘బ్యాండికూట్’ అయింది, తరవాత ఆస్ట్రేలియాలోని ఒక సంచిజంతువుకు కూడా పేరైంది. దర్జా అయినది అనే అర్థమున్న ‘పాష్’ అనే మాట ఓడ టిక్కెట్ల మీది నాలుగు అక్షరాల నుంచి వచ్చిందన్న కథకు మాత్రం అటువంటి టిక్కెట్టు ఒక్కటీ సాక్ష్యంగా దొరకలేదు. విడి అక్షరాలు కలిసి మాటైందని చెప్పే పాత కథలను సాధారణంగా నమ్మకండి.

పుట్టుక తెలిసింది కదా అని దాన్నే అర్థంగా తీసుకోవడం మరొక పొరపాటు. ‘నైస్’ లాటిన్‌లో ఏమీ తెలియనివాడు అనే మాట నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. పద్నాలుగో శతాబ్దపు ఇంగ్లిషులో మూర్ఖుడని అర్థం, మధ్యలో పట్టింపులు ఎక్కువైనవాడు, సూక్ష్మమైనది వంటి అర్థాలు దాటుకుని పద్దెనిమిదో శతాబ్దానికి మంచిదైంది. ‘సిల్లీ’ ఎదురు దిక్కుకు నడిచింది. మొదట ధన్యుడు, తరవాత అమాయకుడు, పాపం అనిపించేవాడు, చివరికి తెలివితక్కువవాడు. మనకు ‘ఛాందసుడు’ ఉన్నాడు, ఛందస్సు అనే వేదాన్ని అధ్యయనం చేసినవాడు పట్టింపుల మనిషిగా మిగిలాడు. ఒక్కోసారి రెండు భాషల నడక విచిత్రంగా కలుస్తుంది. ‘డీర్’ ఒకప్పుడు ఏ జంతువైనా సరే, లియర్ రాజు నాటకంలో ఎలుకలను, చుంచులను కూడా చిన్న ‘డీర్’ అంటారు. సంస్కృతంలో మృగం అడవిజంతువూ అవుతుంది, ప్రత్యేకంగా జింకా అవుతుంది. సింహం మృగరాజు, మృగనయని కళ్లు మాత్రం లేడికళ్లు. ఈ మాటల్లో దేనికైనా ఒక్క వాక్యంలో అర్థం చెప్పమంటే ఏ కాలపు వాక్యమో ముందు అడగాలి.

అందుకే నిఘంటువు ఎంపిక ముఖ్యం. ఫోనులోని నిఘంటువులు ఈనాటి వాడుకను ముందు పెడతాయి, పాతవాటిని చాలాసార్లు వదిలేస్తాయి. అది వాటి లోపం కాదు, వాటి పని వేరు. మీకు కావలసింది చారిత్రక నిఘంటువు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీకి 1857లో లండన్ ఫిలలాజికల్ సొసైటీ అంకురార్పణ చేసింది. 1879 నుంచి జేమ్స్ మర్రీ సంపాదకుడు. మొదటి భాగం 1884లో, చివరిది ఆయన మరణించిన పదమూడేళ్లకు, 1928లో వెలువడ్డాయి. వేలాది స్వచ్ఛంద పాఠకులు పాత పుస్తకాలు చదివి, మాట వచ్చిన వాక్యాన్ని తేదీతో సహా చీటీల మీద రాసి పంపితే ఆ నిఘంటువు తయారైంది. ఇప్పటి కూర్పు చందాతో దొరుకుతుంది, మీకు దగ్గరలోని విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఉందేమో కనుక్కోండి. తొలి కూర్పు ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఉన్నాయి, షేక్‌స్పియర్‌కు, బైబిలుకు అవే సరిపోతాయి. అందులో అర్థాలు పాతవాటి నుంచి కొత్తవాటికి వస్తాయి. వాడుక తప్పిన అర్థానికి ముందు చిన్న బాకు గుర్తు ఉంటుంది. అర్థవివరణ చదివి ఆగిపోకండి, దాని కింద ఇచ్చిన ఉదాహరణ వాక్యాల తేదీలు చూడండి. మీరు చదువుతున్న పుస్తకం 1611దైతే 1560కి, 1650కి మధ్య వాక్యాలున్న అర్థాలలో మీ వాక్యానికి ఏది కుదురుతుందో పెట్టి చూసుకోండి. పుట్టుకను వివరించే భాగం ఆ తరవాత చదివితే తేలికగా అర్థమవుతుంది.

పద్దెనిమిదో శతాబ్దపు పుస్తకాలకు 1755 నాటి శామ్యూల్ జాన్సన్ నిఘంటువు మంచి తోడు. మీ తాతగారి పుస్తకాలలో కంపెనీ కాలపు ఇంగ్లిషు ఏమైనా ఉంటే సి.పి.బ్రౌన్ ఇంగ్లిషు–తెలుగు నిఘంటువు తీయండి. 1850ల తొలినాళ్లలో అచ్చయిన ఆ నిఘంటువులో ఆనాటి ఇంగ్లిషు మాటకు ఆనాటి తెలుగే ఉంటుంది కనుక, ఈనాటి నిఘంటువు ఇవ్వలేని జవాబు ఒక్కోసారి అక్కడ దొరుకుతుంది.

ఓల్డ్ ఇంగ్లిష్ విషయానికి వస్తే, ఇప్పుడు చదువుతున్న పుస్తకాలకు అది అవసరం లేదు, అయినా కుతూహలం ఉంటే తప్పక ప్రయత్నించండి. పదో శతాబ్దం చివరి నాటి సువార్త అనువాదంలో పరలోక ప్రార్థన ఇంచుమించు ఇలా వినబడుతుంది: ‘ఫాడర్ ఊరె, థూ థె ఎఆర్ట్ ఆన్ హెవొనుమ్, సీ థీన్ నమ యెహాల్‌గొడ్, టోబెకూమె థీన్ రీచె’. మొదటిసారి పరాయిగా అనిపించినా, మీకు కంఠస్థమైన 1611 పాఠాన్ని పక్కన పెడితే ఫాదర్, అవర్, దౌ, ఆర్ట్, హెవెన్, నేమ్, హ్యాలోడ్ ఒక్కొక్కటిగా బయటపడతాయి. ‘రీచె’ ఒక్కటే తెలియదు. అది రాజ్యం. ఇంగ్లిషులో విడిగా చచ్చిపోయి బిషప్ అధికార పరిధిని చెప్పే ‘బిషప్‌రిక్’ చివర మిగిలింది, జర్మన్‌లో ‘రైష్’గా బతికింది, సంస్కృత ‘రాజ’ శబ్దానికి దూరపు చుట్టం. ఈ ప్రార్థనను మూడు వరసల్లో, ఓల్డ్ ఇంగ్లిష్, 1611 పాఠం, తెలుగు కింద కింద రాసుకుని పూర్తిచేయండి. అది చేతికి వచ్చాక అదే అనువాదంలోని ఉపమానాలకు వెళ్లండి. కథ ముందే తెలిసి ఉంటుంది కనుక వ్యాకరణం మీద దృష్టి పెట్టవచ్చు. ఓల్డ్ ఇంగ్లిష్ పద్యాల్లో పదాల వరస, కవులకే ప్రత్యేకమైన పదజాలం కష్టపెడతాయి, వాటిని ఆ తరవాతికి ఉంచుకోండి.